పల్లవి దాకా ఆగక్కర్లేదు

ఎనభైల నాటి పాప్ పాటలతో ఒక ప్లేలిస్ట్ పెట్టి కళ్లు మూసుకోండి. పాట మొదలైన ఎంతసేపటికి "ఓ, ఇదా!" అనిపిస్తుంది? పల్లవి దాకా ఎవరూ ఆగరు. చాలాసార్లు మొదటి డ్రమ్ము దెబ్బకే తెలిసిపోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ క్రమ్‌హాన్సల్ సరిగ్గా దీన్నే కొలిచి 2010లో ప్రచురించారు. బాగా పేరున్న పాటల్లోంచి 0.4 సెకన్ల ముక్కలు కత్తిరించి వినిపిస్తే, నాలుగో వంతుకు పైగా సందర్భాల్లో విన్నవాళ్లు పాట పేరూ, పాడినవాళ్ల పేరూ చెప్పేశారు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, పేరు తట్టనప్పుడు కూడా అది ఏ దశాబ్దం పాటో కొంతవరకు పసిగట్టగలిగారు.

0.4 సెకన్లలో ట్యూన్ ఇమడదు, మాటలైతే మహా అయితే ఒకటి. ఎక్కువగా మిగిలేది ధ్వని రంగే. ఒకే స్వరాన్ని వేణువు మీద, వయొలిన్ మీద పలికిస్తే ఏది ఏదో మనకు ఇట్టే తెలుస్తుంది కదా, ఆ తేడానే టింబర్ అంటారు. ఎనభైల పాటలకు ఈ రంగు మరీ గాఢంగా అంటుకుంది. దానికి కారణం కొన్ని యంత్రాలు.

1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ ఒక సంగతి గమనించారు. ఒక ధ్వని తరంగపు పౌనఃపున్యాన్ని ఇంకో తరంగంతో అతి వేగంగా ఊగిస్తే, ఉన్నట్టుండి బోలెడన్ని కొత్త ఉపస్వరాలు పుట్టుకొస్తాయి. గంట మోతలు, ఇత్తడి వాద్యాల మెరుపు, గాజు మీద తట్టినట్టుండే పియానో, అన్నీ ఆ ఊగుడులోంచే వస్తాయి. ఈ పద్ధతితో 1983లో వచ్చిన యమహా డిఎక్స్7 సింథసైజర్ (విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు) ప్రపంచమంతటా స్టూడియోల్లోకి చేరింది. కానీ దానిలో సొంతంగా కొత్త శబ్దం తయారుచేయడం చాలా కష్టం. అందుకే చాలామంది కంపెనీ ముందుగా పొందుపరిచి ఇచ్చిన శబ్దాలనే వాడుకున్నారు. ఎక్కడెక్కడివాళ్లో, ఒకరికొకరు తెలియనివాళ్లు, ఒకే పియానో శబ్దంతో ప్రేమగీతాలు కట్టారు. ఆ శబ్దం వినగానే మనకు ఫలానా పాట కంటే ముందు ఫలానా కాలం గుర్తుకు రావడంలో వింత లేదు.

డ్రమ్ముల కథ నాకు ఇంకా ఇష్టం. పెద్ద గదిలో డ్రమ్ము కొడితే మోత మెల్లగా సన్నగిల్లుతూ పోతుంది. 1980 ప్రాంతంలో లండన్‌లో హ్యూ ప్యాడ్‌గమ్ అనే సౌండ్ ఇంజినీరు, డ్రమ్మర్, గాయకుడు ఫిల్ కాలిన్స్ వాయించిన డ్రమ్ములకు ఆ మోతను బాగా పెంచి, అది సన్నగిల్లకముందే ఒక్కసారిగా తెగ్గొట్టే పద్ధతిని రూపొందించారు. గేటెడ్ రివర్బ్ అంటే ఇదే. పెద్ద హాలు కళ్లముందు తెరుచుకుని, అంతలోనే టక్కున మూసుకున్నట్టు ఉంటుంది. ప్రకృతిలో ఏ గదీ ఇలా మోగదు. దశాబ్దమంతా ఈ దెబ్బ వినిపించింది. తర్వాత మోజు తగ్గింది. అలా తగ్గడం వల్లే అది ఆ కాలానికి ముద్రలా మిగిలిందని నా అభిప్రాయం.

ఇక మన తలలో జరిగేది. సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జరిగినవి మనకు మిగతా వయసుల కంటే ఎక్కువగా గుర్తుంటాయి. దీన్ని రెమినిసెన్స్ బంప్ అంటారు. మొదటి స్నేహాలు, మొదటిసారి ఇల్లు వదలడం లాంటివన్నీ ఆ వయసులోనే కాబట్టి, అప్పటి పాటలు వాటితో కలిసి ముడిపడతాయి. పైగా 2011లో మాంట్రియల్ పరిశోధకులు చూపించినట్టు, ఇష్టమైన పాటలో మనసుకు నచ్చే ఘట్టం రాబోతోందని తెలిసినప్పుడే మెదడులో డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం విడుదలవుతుంది, ఆ ఘట్టం వచ్చినప్పుడు మరోచోట మళ్లీ విడుదలవుతుంది. తెలిసిన పాటలో ఎదురుచూపే సగం ఆనందం.

మరి ఎనభైల తర్వాత పుట్టినవాళ్ల సంగతి? 2013లో క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ ప్రచురించిన అధ్యయనంలో ఇరవై ఏళ్ల విద్యార్థులు తమ కాలపు పాటలతో పాటు ఎనభైల తొలినాళ్ల పాటలకూ గట్టిగా స్పందించారు. అవి వాళ్ల అమ్మానాన్నల యవ్వనకాలపు పాటలు, చిన్నప్పుడు పక్క గదిలోంచి వినిపించినవి. ఇక పరిచయమే లేనివాళ్లకు కూడా ఈ పాటలు చేరగలవు. 1985లో బ్రిటిష్ గాయని కేట్ బుష్ పాడిన 'రన్నింగ్ అప్ దట్ హిల్' ఒక సిరీస్‌లో వినిపించాక, 2022లో, అంటే 37 ఏళ్లకు, బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. విడుదలైనప్పుడు అక్కడ మూడో స్థానం దగ్గరే ఆగిన పాట అది.

అయితే ప్లేలిస్టుల వల్ల ఒక నష్టం కూడా ఉంది. జ్ఞాపకాన్ని తట్టిలేపే పాట లాంటి ఒక గుర్తు ఎన్ని విషయాలతో ముడిపడితే, వాటిలో ఏ ఒక్కదాన్నైనా వెలికితీసే శక్తి దానికి అంతగా తగ్గుతుంది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని క్యూ ఓవర్‌లోడ్ అంటారు. ప్రకటనల్లో, పార్టీల్లో, జిమ్ముల్లో నలభై ఏళ్లుగా మోగుతూనే ఉన్న సూపర్ హిట్ పాట ఇప్పుడు ఏ ఒక్క రోజుకూ చెందదు. హుషారు వస్తుంది, జ్ఞాపకం రాదు. అదే పాట ఉన్న క్యాసెట్‌లో రెండో వైపు చివర ఉండి, తర్వాత ఎక్కడా వినిపించని పాట ఎదురైతే, గది గదంతా తిరిగొస్తుంది. 'ఎనభైల హిట్స్' అనే రెడీమేడ్ ప్లేలిస్టులు వరుసగా వింటూ పోయినా ఈ అనుభవం అంతగా దొరకనిది అందుకే. వెతకాల్సింది పాటల్ని కాదు, పూర్తి ఆల్బమ్‌లను.

అలా వెతుకుతుంటే పోయిన నెల నాకొక పాట దొరికింది. దాదాపు ముప్పై ఏళ్లుగా వినలేదు, పేరు కూడా మర్చిపోయాను. సింథసైజర్ రెండు స్వరాలు పలికేసరికి అన్నయ్య టేబుల్ లైటు, పెన్సిల్‌తో క్యాసెట్ టేపు చుడుతున్న వాడి చేతులు కనిపించాయి. పాట పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను. దాన్ని ఇంతవరకు ఏ ప్లేలిస్టులోనూ చేర్చలేదు.