పిల్లలకు చిన్న ఆపరేషన్, మత్తు: అపోహలు - వాస్తవాలు

బాబు చొక్కా మీద బిస్కెట్ పొడి కనిపించింది. నాలుగేళ్ల వాడు, గజ్జల్లో హెర్నియా (పొట్టలోని పేగు బయటికి ఉబికి రావడం) ఆపరేషన్, ఆ రోజు జాబితాలో మొదటి పేరు. ‘ఏమీ పెట్టలేదు కదా?’ అంటే తల్లిదండ్రులిద్దరూ లేదన్నారు. నిజంగానే వాళ్లకు తెలియదు. వెనక నిలబడ్డ నాయనమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ‘ఆకలి, ఆకలి అని ఏడుస్తుంటే ప్రాణం ఒప్పలేదు డాక్టరమ్మా. ఏడు గంటలప్పుడు సగం బిస్కెట్టే పెట్టాను.’ ఆపరేషన్‌ను మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతికి జరిపాం. ఇంట్లోవాళ్లు ఆమెను ఒక్క మాట అనకుండా చూసుకున్నాను. ఆ పూట ఆ బిడ్డకు రావలసిన ముప్పును తప్పించింది ఆమె చెప్పిన నిజమే.

పిల్లలకు మత్తు ఇవ్వడం నా వృత్తి. మా అబ్బాయికి మూడేళ్లప్పుడు ఇదే హెర్నియాకు ఆపరేషన్ అయింది. మత్తు ఇచ్చింది నా సహోద్యోగి. వాడు నా ఒళ్లోనే మాస్కు పీల్చాడు. కళ్లు పైకి తేలిపోయాయి, కాళ్లూ చేతులూ ఒకసారి ఎగిరిపడి వాలిపోయాయి, గొంతులో గురక మొదలైంది. ఇదంతా మామూలేనని ఎందరో తల్లులకు చెప్పినదాన్ని, నా బిడ్డ మెడ అలా వాలిపోయేసరికి మోకాళ్లు వణికాయి. బయట కుర్చీలో కూర్చున్న ఆ నలభై నిమిషాల తర్వాతే తల్లిదండ్రులు నాతో ఎందుకు కొన్ని దాస్తారో అర్థమైంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఒక్క గుక్క పాలు పడితే ఏమవుతుంది?

మెలకువగా ఉన్న బిడ్డకు పొలమారితే దగ్గి బయటికి తోసేస్తాడు. మత్తులో ఆ దగ్గు ఉండదు. కడుపులో ఉన్నది పైకి ఎగదన్నితే తిన్నగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఇలా జరగడం అరుదు, కానీ జరిగితే ఆ రోజే ఇంటికి వెళ్లాల్సిన బిడ్డ వెంటిలేటర్ మీదికి వెళ్లే పరిస్థితి రావచ్చు. ఆవుపాలు, గేదెపాలు కడుపులోకి వెళ్లగానే విరిగి గడ్డకడతాయి, అందుకే వాటిని అన్నంతో సమానంగా లెక్కిస్తాం. అన్నం, బిస్కెట్, పశువుల పాలు, డబ్బాపాలు ఏవైనా సరే 6 గంటల ముందే ఆపేయాలి. తల్లిపాలైతే 4 గంటలు. మంచినీళ్లు, గుజ్జు లేని పళ్లరసం 2 గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. నీళ్లను గంట ముందు వరకూ ఇవ్వవచ్చని యూరప్ మత్తు వైద్యుల 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక్కడ మా వైద్యుల తప్పు కూడా ఉంది. ‘రాత్రి పన్నెండు దాటాక ఏమీ పెట్టొద్దు’ అని అందరికీ ఒకే మాట చెప్పి పంపేస్తే, పదకొండింటికి ఆపరేషన్ ఉన్న పసివాడు గొంతు తడవకుండా సగం రోజు మాడతాడు. నీళ్లు తగ్గిన బిడ్డకు నరం దొరకడమూ కష్టమే. ‘మా బాబు వంతు ఎన్ని గంటలకు? నీళ్లు ఎప్పటివరకు పట్టవచ్చు?’ అని మీరే అడగండి, గట్టిగా అడగండి.

అపోహ: జలుబు ఉందని చెబితే వాయిదా వేస్తారు, చెప్పకపోతేనే నయం

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. సెలవు పెట్టుకున్నారు, ఊరి నుంచి అమ్మమ్మను పిలిపించారు, డబ్బు సర్దుకున్నారు. అవన్నీ నాకు తెలుసు. కానీ జలుబు చేసిన పిల్లల శ్వాసనాళం ఒరుసుకుపోయిన చర్మంలా ఉంటుంది, దేన్నీ ఓర్చుకోదు. మత్తులోకి వెళ్లేటప్పుడో, లేచేటప్పుడో స్వరపేటిక ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు, అప్పుడు గాలి ఆడదు. దాన్ని విప్పడానికి మందులున్నాయి, మాకు శిక్షణ ఉంది. అయితే జలుబు సంగతి ముందే తెలిసి సిద్ధంగా ఉండటం వేరు, అప్పటికప్పుడు తెలుసుకోవడం వేరు. ఏడ్చినందువల్ల కారే ముక్కుకు వాయిదా వేయం. జ్వరం, కఫంతో కూడిన దగ్గు, పిల్లికూతలు ఉంటే రెండు నుంచి నాలుగు వారాలు ఆగమంటాం, ఎందుకంటే ముక్కు ఆరిపోయినా లోపలి వాపు వెంటనే పోదు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే అదీ చెప్పండి. ఆ పొగ పీల్చే పిల్లల్లో ఈ ఇబ్బంది ఎక్కువ.

అపోహ: చిన్న ఆపరేషనే కదా, కొంచెం మత్తు చాలు

అరకొర మత్తులోనే స్వరపేటిక బిగుసుకునే ప్రమాదం ఎక్కువ. పెద్దవాళ్లయితే కదలకుండా పడుకోగలరు, మూడేళ్ల బిడ్డ పడుకోలేడు. మోతాదును కిలోల లెక్కన కట్టి ఇస్తాం, వయసును బట్టి మారుస్తాం. మత్తు డాక్టరు ఇంజక్షన్ ఇచ్చి వెళ్లిపోతారనుకుంటారు. ఆఖరి కుట్టు పడి బిడ్డ కళ్లు తెరిచేదాకా తల దగ్గరి నుంచి మేము కదలం.

అపోహ: మత్తు ఇస్తే మెదడు మందగిస్తుంది, చదువు అబ్బదు

ఈ భయాన్ని వైద్యులూ తేలిగ్గా తీసుకోలేదు. అమెరికా, ఆస్ట్రేలియా, ఇటలీ సహా 7 దేశాల్లో హెర్నియా ఆపరేషన్ అవసరమైన 722 మంది పసికందులను రెండు వర్గాలుగా తీసుకున్నారు. ఒక వర్గానికి పూర్తి మత్తు, రెండో వర్గానికి మెలకువగా ఉంచి వెన్నులో ఇంజక్షన్. ఐదేళ్ల వయసు వచ్చాక తెలివితేటలు పరీక్షిస్తే రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. వాళ్లు తీసుకున్న మత్తు దాదాపు గంటసేపు, అంటే మన చిన్న ఆపరేషన్లకు పట్టేంత సమయమే. మూడేళ్ల లోపు పిల్లలకు 3 గంటలు మించిన మత్తు, లేదా పదేపదే మత్తు విషయంలో జాగ్రత్త అవసరమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించిన మాట నిజం. పదేపదే మత్తు అవసరమయ్యే పిల్లల తల్లిదండ్రులు దీని గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఒక్క హెర్నియాకు, ఒక్కసారి ఇచ్చే మత్తుకు బెంగపడనక్కర్లేదు.

అపోహ: పిల్లలకు చెబితే భయపడతారు

‘ఐస్‌క్రీమ్ కొనిపెడతాం’ అని తీసుకొచ్చిన బిడ్డకు పచ్చ గౌన్లు, మాస్కులు కనిపించగానే ఏం జరుగుతుందో నేను చూస్తూనే ఉంటాను. ఆ ఏడుపులో భయంకన్నా ‘అమ్మ అబద్ధం చెప్పింది’ అన్న దిగులే ఎక్కువ. మూడు, నాలుగేళ్ల వాళ్లకు ముందు రోజు చెబితే చాలు. ‘కన్నా, నీ పొట్ట కింద ఉబ్బింది కదా, రేపు డాక్టరు దాన్ని బాగు చేస్తారు. నువ్వు నిద్రపోతుంటావు, నీకేమీ తెలియదు. లేచాక కొంచెం నొప్పిగా ఉంటుంది, మందు వేస్తారు. నేను అక్కడే ఉంటాను.’ ఇంతే. అమ్మను లోపలికి రానిచ్చే ఆసుపత్రైతే రండి. రానివ్వకపోతే ‘తలుపు దాకా వస్తాను’ అనండి, ఆ మాట మీద నిలబడండి. వాడు రోజూ పట్టుకు పడుకునే బొమ్మనో, పాత చీర ముక్కనో వెంట పంపితే మేము కాదనం.

అపోహ: లేచాక ఒకటే ఏడుస్తున్నాడంటే ఏదో తేడా వచ్చింది

మా వాడు లేస్తూనే నన్ను తన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. మత్తు దిగేటప్పుడు రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. మెదడు సగం మేలుకుంటుంది. నర్సు వచ్చి నొప్పి, ఊపిరి చూస్తుంది. బిడ్డ పడిపోకుండా మీరు పట్టుకోండి, లైటు తగ్గించమనండి, మెల్లగా పేరు పెట్టి పిలవండి. చాలామంది పావుగంట, ఇరవై నిమిషాల్లో తేరుకుంటారు, తర్వాత వాళ్లకేమీ గుర్తుండదు. మీకు మాత్రం చాలాకాలం గుర్తుంటుంది.

అపోహ: పసిపిల్లలకు నొప్పి తెలియదు

ఒకప్పుడు వైద్యులే ఇలా నమ్మారు. నవజాత శిశువులకు సరైన నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు చేసిన కాలం ఉంది. మన దేశంలో పుట్టిన కన్వల్‌జీత్ ఆనంద్ 1987లో ప్రచురించిన పరిశోధన ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. బలమైన నొప్పి మందు అందిన శిశువుల శరీరం ఆపరేషన్ ఒత్తిడిని ఎంతో మెరుగ్గా తట్టుకుంది. ఇప్పుడు గజ్జల ఆపరేషన్లకు మత్తులో ఉండగానే తోక ఎముక దగ్గర ఒక ఇంజక్షన్ ఇస్తాం. దాంతో నాలుగు నుంచి ఆరు గంటల పాటు ఆ భాగం మొద్దుబారుతుంది. కాళ్లు కాసేపు తడబడితే కంగారుపడకండి. ‘నడుములో సూది పడితే జన్మంతా నడుం నొప్పి’ అన్న మాటకు ఆధారం లేదు.

ఇంటికి వెళ్లాక ఏడ్చేదాకా ఆగకుండా, చెప్పిన వేళకు మందు వేయండి. పారాసెటమాల్ సాధారణంగా కిలోకు 15 మిల్లీగ్రాములు, 6 గంటలకోసారి. 12 కిలోల బిడ్డకు 180 మిల్లీగ్రాములు. సీసా మీద చదవకుండా పొయ్యకండి. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉన్న సిరప్‌ అయితే ఇది 7.2 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 3.6. మిల్లీలీటరుకు 100 ఉన్న చుక్కల మందైతే 1.8 మాత్రమే. చుక్కల మందును సిరప్ అనుకుని 7 మిల్లీలీటర్లు పోస్తే దాదాపు నాలుగు రెట్లు వేసినట్టు.

అపోహ: రూపాయి బిళ్ల కట్టి బిగిస్తే ఉబ్బు తగ్గిపోతుంది

బొడ్డు ఉబ్బు నాలుగైదేళ్లు వచ్చేసరికి చాలామందిలో దానంతటదే పూడుతుంది. రూపాయి బిళ్ల కట్టడం వల్ల చర్మం ఒరుసుకుపోవడమే మిగులుతుంది. గజ్జల్లో హెర్నియా అలా పూడదు. పేగు ఇరుక్కుంటే, అందులోనూ ఏడాది లోపు పిల్లల్లో, చిన్న ఆపరేషన్ అర్ధరాత్రి ఆపరేషన్ అవుతుంది. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, బిడ్డ పచ్చగా వాంతి చేసుకున్నా తెల్లవారేదాకా చూడకండి. పెద్దలకు వేసినట్టు పిల్లలకు వల (మెష్) వేయరు, పేగు దిగే సంచిని ముడివేస్తే చాలు.

ఆపరేషన్‌కు ముందు మొలతాడు తీయాలంటే పెద్దవాళ్లు బాధపడతారు. అది సరిగ్గా కోత పడే చోటే ఉంటుంది. వెండిదైతే ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల చర్మం కాలే ప్రమాదమూ ఉంటుంది. తాయెత్తు, పట్టీలు కూడా అంతే. నేను కత్తిరించను, అమ్మ చేతే విప్పించి ఆమె కొంగుకే ముడి వేయిస్తాను. గాయం పూర్తిగా ఆరాక కొత్తది, వదులుగా, కుట్టుకు కాస్త పైగా కట్టుకోవచ్చు.