ప్రెషర్ వాషింగ్ పనిలో బార్ల లెక్క, లీటర్ల లెక్క: అపోహలు – వాస్తవాలు

ప్రెషర్ వాషింగ్ అంటే ఒత్తిడితో నీటి ధార చిమ్మి గోడలు, నేలలు కడిగే పని; ఉగాదికి నెల రోజుల ముందు నుంచే దాని కోసం మాకు ఫోన్లు మొదలవుతాయి. వానాకాలంలో కాంపౌండ్ గోడలకు పట్టిన నాచు ఎండి నల్లబడి ఉంటుంది, పార్కింగ్‌లోని పేవర్ బ్లాకుల మీద ఆయిల్ మరకలు పేరుకుని ఉంటాయి, పండుగలోపు అంతా కడిగించాలని ఇళ్లవాళ్లూ అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లూ తొందరపడతారు. బెంగళూరులో నీటి మీద ఆంక్షలు బిగిసేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. మహదేవపుర, వర్తూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతాల్లో పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నన్ను పిలిచేవారిలో సగానికి పైగా తెలుగువాళ్లే. వాళ్ల నోటా, ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగుతున్న కుర్రాళ్ల నోటా పదే పదే వినే మాటలు కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: బార్లు (నీటి ఒత్తిడి కొలత) ఎక్కువ ఉన్న మిషనే గొప్ప మిషన్.

వాస్తవం: "అన్నా, మీ దగ్గర 250 బార్ మిషన్ ఉందా?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు కానీ, నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తుందని అడిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాజిల్ నుంచి వచ్చే ధార నేలను తాకే బలం ఒత్తిడిని బట్టీ, నీటి పరిమాణాన్ని బట్టీ కూడా మారుతుంది. అయితే రెండింటి ప్రభావం సమానం కాదు. నీటి పరిమాణం అలాగే ఉంచి ఒత్తిడిని రెట్టింపు చేస్తే ధార బలం సుమారు 1.4 రెట్లు మాత్రమే అవుతుంది, ఒత్తిడిని అలాగే ఉంచి నీటిని రెట్టింపు చేస్తే బలం కూడా రెట్టింపవుతుంది. ఈ లెక్కన నిమిషానికి 8 లీటర్లు పోసే 200 బార్ మిషన్ కంటే 15 లీటర్లు పోసే 150 బార్ మిషన్ ధార దాదాపు 1.6 రెట్లు బలంగా ఉంటుంది. పైగా ఊడిన మురికిని అక్కడి నుంచి తోసుకుపోయేది నీరే. ఒత్తిడి మాత్రమే ఉంటే మురికి ఊడి పక్కనే మళ్లీ పేరుకుంటుంది.

మిషన్ మార్చాలనుకునేవారు ముందు కరెంటు లెక్క వేసుకోవాలి. బార్లను లీటర్లతో గుణించి 600తో భాగిస్తే నీటికి అందాల్సిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. 150 బార్, 15 లీటర్లకు అది 3.75 కిలోవాట్లు, పంపులో పోయే నష్టాన్ని కలుపుకుంటే మోటారు దాదాపు 6 హార్స్ పవర్ ఇవ్వాలి. అంటే ఆచరణలో 7.5 హార్స్ పవర్ త్రీ ఫేజ్ మోటారు కావాలన్నమాట. ఇంట్లోని 16 ఆంపియర్ల ప్లగ్గుకు అది తగిలించేది కాదు. సింగిల్ ఫేజ్ మీద 3 హార్స్ పవర్ మోటారుతో 120 బార్ దగ్గర 9 లీటర్లకు మించి ఆశించకూడదు. "సింగిల్ ఫేజ్, 250 బార్, 15 లీటర్లు" అని ఎవరైనా రాసి అమ్ముతుంటే ఆ మూడింటిలో కనీసం ఒకటి అబద్ధం.

అపోహ: నీళ్లు ఆదా కావాలంటే తక్కువ లీటర్లు పోసే చిన్న మిషనే వాడాలి.

వాస్తవం: నిమిషానికి ఎన్ని లీటర్లు అన్నది అసలు లెక్క కాదు, చదరపు అడుగుకు ఎన్ని లీటర్లు అన్నది లెక్క. నేను మొదట్లో 9 లీటర్ల మిషన్‌తో, చేతి గన్‌తో వెయ్యి చదరపు అడుగుల పేవర్ బ్లాకులు కడిగితే మీట నొక్కి ఉంచిన సమయమే సుమారు మూడు గంటలు పట్టేది, అంటే 1,600 లీటర్ల పైచిలుకు నీళ్లు. ఇప్పుడు 15 లీటర్ల మిషన్‌కు సర్ఫేస్ క్లీనర్ తగిలిస్తే అదే పని గంటలోపు పూర్తవుతుంది, 900 లీటర్లు దాటడం అరుదు. గుండ్రటి మూత కింద రెండు నాజిళ్లు గిరగిర తిరిగే ఈ పరికరం నేలకు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది కాబట్టి చారలు పడవు, కడిగిన చోటే మళ్లీ కడగాల్సిన అవసరం రాదు. చేతి గన్‌తో ఎంత అనుభవం ఉన్నవారికైనా ఇది సాధ్యం కాదు, ఎందుకంటే మధ్యాహ్నానికి చేయి నొప్పి పుట్టి లాన్స్ (గన్ ముందుండే పొడవాటి గొట్టం) పైకి లేస్తుంది, లేచిన ప్రతి అంగుళానికీ ధార బలం తగ్గుతుంది. అయితే ఆ రెండు నాజిళ్లూ కలిసి మీ పంపు పోసే నీటికి సరిపోయే సైజులో ఉండాలి. ఈ సంగతి చూసుకోకుండా కొని, పరికరం పనిచేయడం లేదని మూలన పడేసినవారిని చూశాను.

ఇంతకంటే చవకైన మార్పు ఇంకొకటి ఉంది. నాజిల్ అరిగితే పంపు పోసే నీళ్లు తగ్గవు, ఒత్తిడి మాత్రం పడిపోతుంది. పనివాళ్లు పంపు పోయిందనుకుంటారు, యజమాని కొత్త పంపు ధర కనుక్కుంటాడు, ఈలోగా ఒకే గోడకు రెట్టింపు నీళ్లు ఖర్చవుతాయి. కొన్ని వందల రూపాయల నాజిల్ మార్చి చూశాకే పంపు విప్పండి.

బండి మీది ట్యాంకు విషయంలో కూడా పెద్దదే మేలన్న భ్రమ ఉంది. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. ముప్పావు టన్ను మోసే చిన్న సరుకు బండి మీద దాన్ని ఎక్కించి అవుటర్ రింగ్ రోడ్డు ఫ్లైఓవర్లు దిగడం సాహసమేమో గానీ వ్యాపారం కాదు. నా బండిలో 500 లీటర్ల ట్యాంకే ఉంటుంది.

అపోహ: ఎండాకాలంలో బెంగళూరులో ప్రెషర్ వాషింగ్ నిషేధం.

వాస్తవం: 2024 మార్చిలో బెంగళూరు జలమండలి నిషేధించింది తాగునీటిని అలాంటి పనులకు వాడడాన్ని. వాహనాలు కడగడం, తోటలు తడపడం, నిర్మాణం, ఫౌంటెన్లు వంటివాటికి తాగడానికి పనికొచ్చే నీటిని వాడితే 5,000 రూపాయల జరిమానా అనీ, మళ్లీ మళ్లీ చేస్తే రోజుకు మరో 500 రూపాయలనీ ఆ ఉత్తర్వు చెప్పింది. శుద్ధి చేసిన మురుగునీటిని వాడుకునే దారి మూసుకుపోలేదు. కాబట్టి మా పని ఆగాల్సిన అవసరం లేదు, ఏ నీళ్లతో చేస్తున్నామన్నదే ప్రశ్న.

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది. 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ నీటి పథకం ప్రారంభమై, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్ల అదనపు నీరు వచ్చింది కనుక ఇక ఆంక్షల ఊసే ఉండదని చాలామంది అనుకున్నారు. 2025 ఫిబ్రవరిలో అదే జరిమానాలతో ఉత్తర్వు మళ్లీ వచ్చింది. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించి తెచ్చే నీళ్లతో కారు చక్రాలు కడగడం సబబా అన్నది చట్టానికి ముందే అడగాల్సిన ప్రశ్న.

"మా బోరు నీళ్లు కదండీ, మా ఇష్టం" అనే వాదన ఈ వైపున తరచుగా వినిపిస్తుంది. ఇక్కడ చాలా ఇళ్లకు ఆ బోరే తాగునీటి వనరు. వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని వీధులు నాకు తెలుసు. వ్యాపార కోణంలో చూసినా బోరు నీళ్లు మాకు మేలు చేయవు: లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లు కావడం వల్ల కార్ల మీద, అద్దాల మీద తెల్లటి చుక్కలు మిగులుతాయి, పంపు వాల్వుల్లో సున్నపు పొర పేరుకుంటుంది, వేడినీటి మిషన్ అయితే కాయిల్ లోపల అదే పొర గట్టిపడి డీజిల్ ఖర్చు పెంచుతుంది.

అపోహ: ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లు వాడితే మిషన్ పాడవుతుంది, కడిగిన చోటు వాసన కొడుతుంది.

వాస్తవం: దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. సరిగా నడవని ప్లాంటు నుంచి వచ్చిన నీళ్లయితే రెండూ జరుగుతాయి. అందుకే ట్యాంకర్ దిగగానే ఒక పారదర్శకమైన సీసాలో పట్టి చూస్తాను. నీళ్లు నల్లగా ఉన్నా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, సీసాను కుదిపితే నురుగు నిలిచినా తిప్పి పంపేస్తాను. తేటగా ఉండి, క్లోరిన్ వాసన లీలగా వస్తే తీసుకుంటాను.

మిషన్‌ను పాడుచేసేది నీటి పుట్టుక కాదు, అందులోని నలుసులు. ట్యాంకుకూ పంపుకూ మధ్య వరుసగా రెండు ఫిల్టర్లు, ముందు పెద్ద కన్నులది, తర్వాత సన్న కన్నులది పెట్టాక నా పంపులకు సీళ్ల (నీరు కారకుండా ఆపే రింగుల) బెడద చాలావరకు తగ్గింది. అయితే ఫిల్టర్ మూసుకుపోతే పంపుకు నీళ్లు చాలవు, లోపల నీటి ఆవిరి బుడగలు పగిలి గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నాక కూడా నడిపిస్తే ఫిల్టర్ కడగడానికి పట్టే ఐదు నిమిషాలకు బదులు పంపు మరమ్మతుకు వారం పడుతుంది. పంపులోని నూనె కనిపించే గాజు కిటికీలో నూనె పాలలా తెల్లబడితే సీళ్లు దాటి నీరు లోపలికి చేరిందని అర్థం, ఆ రోజు పని ఆపేయాల్సిందే.

అసలు జాగ్రత్త మిషన్ గురించి కాదు, మనుషుల గురించి. ప్రెషర్ వాషర్ నీటిని కంటికి కనిపించని తుంపరగా మారుస్తుంది, ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శుద్ధి చేసిన నీళ్లతో పనిచేసేటప్పుడు మా పనివాళ్లకు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి చేశాను, తుంపరను గాలి మోసుకుపోయే వైపున ఎవరినీ ఉండనివ్వను. పిల్లలు ఆడుకునే చోట, హోటల్ వంటగదుల్లో, సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో ఈ నీళ్లు వాడము. ఆ పనులకు తాగునీరే కావాలి, అందుకే వాటికి విడి పైపులు, విడి ట్యాంకు ఉంచాము.

అపోహ: రాయికైనా గోడకైనా ఒకే ఒత్తిడి, మొండి మరకకు యాసిడ్.

వాస్తవం: సాదరహళ్లి గ్రానైట్ ఎంత ఒత్తిడినైనా ఓర్చుకుంటుంది. కడప బండ అలా కాదు, అది సున్నపురాయి. యాసిడ్ పడిన చోట నునుపు పోయి మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. మొదట్లో నేనే ఒక విల్లా గోడ మీద సున్నా డిగ్రీల నాజిల్ (ధారను విస్తరించకుండా సూటిగా చిమ్మేది) వాడి రంగుతోపాటు పుట్టీని కూడా లేపేశాను. ఆ గోడకు మళ్లీ రంగు వేయించిన ఖర్చుతో ఆ నెల సంపాదన హరించుకుపోయింది. రంగు గోడల మీది నాచుకు పలుచటి హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణం చల్లి, పది నిమిషాలు ఆగి, 40 డిగ్రీల నాజిల్‌తో దూరం నుంచి మెల్లగా కడిగితే చాలు, నీళ్లు కూడా తక్కువ పడతాయి. ఆ ద్రావణాన్ని యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది, ఒకే బండిలో రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టవద్దు.

అపోహ: నీటి ధారే కదా, తగిలితే ఏమవుతుంది?

వాస్తవం: దగ్గరి నుంచి తగిలిన ధార చర్మాన్ని చీల్చి లోపలికి చొరబడుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా అది శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర పరిస్థితి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కరెంటు మిషన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా పని మొదలుపెట్టకూడదు. దూరం చాలకపోతే కరెంటు తీగను కాక నీటి గొట్టాన్ని పొడిగించాలి. పెట్రోలు ఇంజిన్ మిషన్‌ను బేస్‌మెంట్‌లోకి దించనేకూడదు.

అపోహ: కడిగిన నీళ్లు వాన కాలువలోకి పోతే తప్పేమీ లేదు.

వాస్తవం: మా ప్రాంతంలో వాన కాలువలు రాజకాలువల (పెద్ద కాలువల) ద్వారా చెరువుల్లో కలుస్తాయి. బెళ్లందూరు, వర్తూరు చెరువుల నురుగు రోడ్ల మీదికి ఎగిరివచ్చిన రోజులు ఇక్కడివారు మరచిపోలేదు. ఆ నురుగుకు ప్రధాన కారణం ఇళ్ల మురుగులోని డిటర్జెంట్లే అయినా, ఆయిల్, సబ్బు కలిసిన మా నీళ్లకు మినహాయింపు ఏమీ లేదు. ఇప్పుడు మేము కాలువ మూతికి ఇసుక బస్తాలు అడ్డుపెట్టి, నిలిచిన నీళ్లను చిన్న పంపుతో తోడి, ఆయిల్‌ను పైనుంచి తీసేసి, అపార్ట్‌మెంట్ ఎస్టీపీలోకి పంపిస్తున్నాము. ఈ ఏర్పాటు మొదలైన కొత్తలో ఒక ప్లాంటు ఆపరేటర్ నన్ను నిలదీశాడు: మేము పంపిన నీళ్లలోని హైపోక్లోరైట్ వల్ల మురుగును తినే సూక్ష్మజీవులు చచ్చి, ఆయన ట్యాంకు మళ్లీ దారికి రావడానికి చాలా రోజులు పట్టిందట. అప్పటి నుంచి హైపోక్లోరైట్ వాడిన నీళ్లలో క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ కలిపి, క్లోరిన్ పట్టీతో పరీక్షించి, ఆపరేటర్‌కు చెప్పాకే వదులుతున్నాము.