విధుల్లో పోలీసు చనిపోతే దక్కే గౌరవాలు: అపోహలు - వాస్తవాలు

డ్యూటీలో కానిస్టేబుల్ ప్రాణం పోయిందంటే ఆ రోజు ఊరంతా అక్కడే ఉంటుంది. ఎస్పీ వస్తారు, ఎమ్మెల్యే వస్తారు, తుపాకులు గాల్లో పేలతాయి. పదిరోజులు గడిచాక ఇంటావిడ చేతిలో మిగిలేవి నాలుగు కాగితాలు, వచ్చినవాళ్లు చెప్పిపోయిన మాటలు. ఆ మాటల్లో చాలావరకు సరిగ్గా తెలియక చెప్పినవే. అంతిమ వందనం ఒక పని, పతకం ఇంకో పని, డబ్బూ ఉద్యోగమూ మూడో పని. మూడింటికీ మూడు ఫైళ్లు. ఒకటి కదిలిందని రెండోది దానంతట అది కదలదు. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు ఎక్కువగా వినపడే అపోహలు ఇవి.

అపోహ: ప్రభుత్వం ‘అమరవీరుడు’ అని ప్రకటిస్తేనే ఏదైనా వస్తుంది.

వాస్తవం: ఆ మాట సభల్లో ఉంటుంది, పత్రికల్లో ఉంటుంది. నిబంధనల్లో దానికి నిర్వచనం లేదు. 2017లో కేంద్ర హోంశాఖ, రక్షణశాఖ రెండూ కేంద్ర సమాచార కమిషన్ ముందు ఇదే చెప్పాయి. ఆ బిరుదు కోసం కలెక్టరేట్ చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకోవద్దు. ఫైలుకు కావలసింది ‘విధి నిర్వహణలో మరణం’ అని కాగితం మీద తేలడం. అది తేల్చేవి మామూలు కాగితాలే: స్టేషన్ జనరల్ డైరీలో ఆయన డ్యూటీకి బయల్దేరినట్టు సమయంతో సహా ఎంట్రీ, డ్యూటీ పాస్‌పోర్టు (ఏ డ్యూటీ మీద ఎక్కడికి పంపారో రాసిచ్చే కాగితం), ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక. 2024 జూలై 1 తర్వాతి ఘటనైతే పంచనామా మీద కొత్త నేర ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194 సెక్షన్ ఉంటుంది. అంతకుముందువైతే పాత సీఆర్‌పీసీ 174. అది చూసి కంగారు పడక్కర్లేదు.

ఇబ్బంది ఎక్కువగా రెండు చోట్ల వస్తుంది. ఒకటి, రోడ్డు ప్రమాదం. 65వ నంబరు జాతీయ రహదారి మీద చిట్యాల నుంచి సూర్యాపేట దాకా రాత్రి గస్తీలో బండి గుద్దుకుని చనిపోతే, ఆ క్షణాన ఆయన డ్యూటీలో ఉన్నారా, దిగి ఇంటికి పోతున్నారా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. డైరీలో ఎంట్రీ లేకపోతే జవాబు చెప్పడం కష్టం. రెండోది, గాయపడిన రోజు ఒకటి, ప్రాణం పోయిన రోజు ఇంకొకటి అయినప్పుడు. 2015 ఏప్రిల్ 4న జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో గాయపడిన ఎస్సై సిద్ధయ్య కన్నుమూసింది ఏప్రిల్ 7న, హైదరాబాద్‌లో. అది రాష్ట్రమంతా చూసిన ఘటన కాబట్టి ఎవరికీ సందేహం రాదు. ఎవరూ చూడని చిన్న ఘటనలో మాత్రం ఆ గాయం వల్లే మరణించారని పోస్టుమార్టం నివేదికలో స్పష్టంగా ఉండాలి. మొదటి ఆసుపత్రి కేసు షీటు నకలు కుటుంబం దగ్గర ఒకటి ఉంచుకోవాలి.

అపోహ: పోలీసు అంత్యక్రియల్లో 21 తుపాకుల వందనం చేస్తారు.

వాస్తవం: 21 అనేది ఫిరంగుల లెక్క. జనవరి 26న జాతీయ గీతం పాడే 52 సెకన్లలో పేల్చేది అదే. పోలీసు అంత్యక్రియల్లో ఫైరింగ్ పార్టీ రైఫిళ్లతో గాల్లోకి మూడుసార్లు కాలుస్తుంది. ఏడుగురు నిలబడి మూడుసార్లు కాలిస్తే లెక్కకు 21 చప్పుళ్లు అవుతాయి. గందరగోళం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. ముందు ‘సలామీ శస్త్ర్’, అంటే రైఫిల్ నిటారుగా పట్టి వందనం. తర్వాత ‘శోక్ శస్త్ర్’, అంటే రైఫిల్ గొట్టం కిందికి తిప్పి, పైకి వచ్చిన తుపాకి మడమ మీద చేతులుంచి తల వంచడం. బ్యూగులర్ ‘లాస్ట్ పోస్ట్’ అనే వీడ్కోలు రాగం ఊదేది ఆ సమయంలోనే.

వాడేవి బ్లాంక్ తూటాలు. గుండు ఉండదు, మందు మాత్రం ఉంటుంది. గుండు లేదు కదా అని ఫోన్లు పట్టుకుని గొట్టాల ముందుకు వస్తారు. దగ్గర్నుంచి తగిలితే ఆ వేడి వాయువే గాయం చేస్తుంది. అందుకే గొట్టాలు పైకెత్తే కాలుస్తారు, ముందు ఎవరినీ నిలబడనివ్వరు. ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్)లో బ్లాంక్ పేలితే తర్వాతి తూటా దానంతట అది ఎక్కదు. గుండు లేనందువల్ల గొట్టంలో వాయువు ఒత్తిడి చాలదు, ప్రతిసారీ చేత్తో లాగాలి. చూసేవాళ్లకు తుపాకి మొరాయించినట్టు కనిపిస్తుంది గానీ అది దాని స్వభావం. అసలు మొరాయింపు వేరే. 2019 ఆగస్టులో బీహార్‌లో మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో 22 రైఫిళ్లలో ఒక్కటీ పేలలేదు. ఏళ్లుగా మూలన పడి చెమ్మగిల్లిన బ్లాంకులతో వచ్చే చిక్కు అదే. కొత్త లాట్‌లోవి తీసి, ముందురోజు రెండు మూడు పేల్చి చూడటం ఆయుధాలు చూసుకునే ఆర్మరర్ పని. అయిపోయాక ఖాళీ తూటాలు లెక్కపెట్టి తిరిగి జమ చేయాలి. గుర్తుగా ఒకటి ఇమ్మని బంధువులు అడుగుతారు, ఇవ్వడానికి లేదు.

అపోహ: యూనిఫారంలో చనిపోయారు కాబట్టి జాతీయ జెండా కప్పుతారు, దాంతోనే దహనం చేస్తారు.

వాస్తవం: రెండు ముక్కలూ సరికావు. భౌతికకాయం మీద త్రివర్ణ పతాకం కప్పడానికి చట్టం ఒప్పుకున్నవి ప్రభుత్వ లాంఛనాలతో జరిగేవి, సైన్యానివి, పారామిలిటరీ దళాలవి. రాష్ట్ర పోలీసు విషయంలో ప్రభుత్వం అధికార లాంఛనాలకు ఆదేశం ఇచ్చిందా లేదా అన్నదే చూడాలి. ఆదేశం లేకుండా ఊరివాళ్లు స్కూలు నుంచి జెండా తెచ్చి కప్పితే, ఎంత ప్రేమతో చేసినా అది తప్పే. ఆదేశం ఉంటే కాషాయం తల వైపు రావాలి. చితికి నిప్పంటించే ముందు, గోతిలో దించే ముందు జెండా తీసి మడతపెట్టాలి. కాల్చకూడదు, పూడ్చకూడదు. మడతపెట్టిన జెండాను భార్యకో తల్లికో అందిస్తారు. ఇంట్లో ఇద్దరూ ఉంటే ఎవరి చేతికన్నది ముందే అడిగి తేల్చుకోవడం మంచిది. ఆ క్షణంలో తడబడితే కెమెరాల ముందు ఆ ఇంటి పరువు పోతుంది.

అపోహ: ప్రాణం పోతే పతకం తప్పకుండా వస్తుంది. అశోక చక్ర మాత్రం సైన్యానికే.

వాస్తవం: శౌర్య పతకం మరణానికి ఇచ్చేది కాదు, చేసిన సాహసానికి ఇచ్చేది. బతికున్నవాళ్లకూ వస్తుంది. ప్రాణం పోయినవాళ్లకు రాకపోవచ్చు కూడా. యూనిట్ నుంచి జిల్లా ఎస్పీ, డీజీపీ, రాష్ట్ర ప్రభుత్వం మీదుగా కేంద్ర హోంశాఖకు సిఫార్సు వెళ్తుంది. జనవరి 26కో, ఆగస్టు 15కో జాబితా వస్తుంది. ‘ఎంతో ధైర్యంగా పోరాడి’ అని రాసిన సిఫార్సు నిలవదు. ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, ఎదుటివాడి చేతిలో ఏ ఆయుధం, వెనక్కి తగ్గే వీలుండీ ముందుకెళ్లారా, దాంతో ఎవరి ప్రాణం నిలిచింది అన్నవి ఎఫ్‌ఐఆర్‌తో సరిపోయేలా ఉండాలి. ఎఫ్‌ఐఆర్‌లో లేని సాహసం సిఫార్సులో కనిపిస్తే ఫైలు వెనక్కే.

అశోక చక్ర పోలీసులకూ వస్తుంది. ముంబై దాడుల్లో కసబ్‌ను పట్టి ప్రాణమిచ్చిన ఏఎస్సై తుకారాం ఓంబ్లేకు 2009లో, ఉమ్మడి రాష్ట్రంలో నక్సల్స్‌తో పోరాడే గ్రేహౌండ్స్ దళం అధికారి ప్రసాద్ బాబుకు 2014లో మరణానంతరం ఇచ్చారు.

అపోహ: అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం పరేడ్‌లో పేరు చదవలేదంటే డిపార్ట్‌మెంట్ మరిచిపోయినట్టే.

వాస్తవం: ఆ జాబితా క్యాలెండర్ ఏడాది ప్రకారం ఉండదు. ముందటి సెప్టెంబర్ 1 నుంచి ఆ ఏడు ఆగస్టు 31 వరకు చనిపోయినవాళ్ల పేర్లే చదువుతారు. సెప్టెంబర్‌లో పోయినవారి పేరు వచ్చే ఏడాది వస్తుంది. 2024లో దేశవ్యాప్తంగా ఆ సంఖ్య 216. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయిన రోజు కాబట్టే ఈ పరేడ్ అక్టోబర్ 21న. పేరు అక్షరం తప్పు పడితే ఆగస్టులోనే ఎస్పీ ఆఫీసుకు రాసివ్వాలి. జాబితా పైకి వెళ్లాక దిద్దడం కష్టం.

అగ్నిమాపక సిబ్బందిని తలచుకునేది ఏప్రిల్ 14న, 1944 బొంబాయి రేవు పేలుడును గుర్తు చేసుకుంటూ. అమ్రాబాద్ అడవుల్లో పనిచేసే ఫారెస్టు సిబ్బందికి సెప్టెంబర్ 11.

అపోహ: హోంగార్డుకు పతకాలు ఉండవు, మిగతావన్నీ కానిస్టేబుల్‌తో సమానమే.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. 2023లో కేంద్రం పోలీసు, ఫైర్, హోంగార్డు, జైళ్ల శాఖల పతకాలు పదహారింటిని కలిపి నాలుగు చేసింది. శౌర్య పతకం ఇప్పుడు అందరికీ ఒకటే. తేడా ఉన్నది డబ్బు దగ్గర. హోంగార్డుది రోజు లెక్కన వచ్చే వేతనం, రెగ్యులర్ ఉద్యోగులకు ఉండే కుటుంబ పింఛను లేదు. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు ఒకే రాత్రి, ఒకే తుపాకులకు బలయ్యారు. అలాంటి రెండు ఇళ్ల హక్కులు కాగితం మీద ఒకటి కావు. ఇది న్యాయమా అంటే మా లెక్కలో కాదు. కానీ సమానమని చెప్పి ఆశపెట్టడం ఇంకా అన్యాయం.

అపోహ: ముఖ్యమంత్రి ప్రకటించారు, డబ్బు వచ్చేసినట్టే.

వాస్తవం: ప్రకటన వేరు, జీవో వేరు, ట్రెజరీ బిల్లు వేరు. ప్రకటనలో వినిపించే పెద్ద మొత్తం ఏ రకం మరణానికో జీవోలో చదవండి. తీవ్రవాదుల చేతిలో పోయినవారికీ, ప్రమాదంలో పోయినవారికీ మొత్తాలు వేరు. బిల్లు ఆగేది చాలాసార్లు చిన్న విషయానికే: పెళ్లికి ముందు నామినీగా తల్లి పేరు రాసి, ఆ తర్వాత సర్వీసు పుస్తకంలో మార్చకపోవడం. లేదా ఆధార్‌లో భార్య పేరు ఒకలా, తహసీల్దార్ ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఇంకోలా ఉండటం. సాధారణ కారుణ్య నియామకానికి ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలి. ఎవరు ఉద్యోగంలో చేరాలో ఇంట్లో తేలలేదని గడువు దాటనివ్వొద్దు.

అపోహ: ఊరి చౌరస్తాలో విగ్రహం ప్రభుత్వమే పెడుతుంది.

వాస్తవం: పెట్టదు. రోడ్ల మీద, చౌరస్తాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కుటుంబం సొంత జాగాలో పెట్టుకోవచ్చు. ఊళ్లో బడికి పేరు పెట్టించాలంటే గ్రామ పంచాయతీ తీర్మానంతో మొదలుపెట్టి ప్రభుత్వ ఉత్తర్వు దాకా వెళ్లాలి. తీర్మానంలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, హోదా, మరణించిన తేదీ సర్వీసు పుస్తకంలో ఉన్నట్టే రాయించండి.