మంటకి మిరపకాయా డాక్టరమ్మా? నరాల నొప్పిపై అపోహలు - వాస్తవాలు

"అరికాళ్లలో నిప్పులు పోసినట్టుంది డాక్టరమ్మా, రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నా." షుగరు వచ్చి పదేళ్లు దాటినవాళ్ల దగ్గర నేను తరచూ వినే మాట ఇది. చీటీ మీద మిరప పూతమందు రాశానంటే చాలు, కారంలోనే పుట్టి పెరిగిన గుంటూరువాళ్లు కూడా నా వంక అనుమానంగా చూస్తారు.

అపోహ: మంట మీద కారం రాస్తే మంట ఇంకా పెరుగుతుంది.

మొదటి వారం పెరుగుతుంది కూడా. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్, నొప్పి నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే తలుపును తెరుస్తుంది. వేడి సుమారు 43 డిగ్రీలు దాటినప్పుడు తెరుచుకునే తలుపూ అదే. అందుకే ఆవకాయ నంజుకుంటే నోరు కాలినట్టు ఉంటుంది. ఈ తలుపును 1997లో కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్‌లో వాటా దక్కింది. అదే తలుపును పదే పదే తెరుస్తూ పోతే నరంలోకి కాల్షియం వరదలా చేరి, ఆ కొస మొద్దుబారి వెనక్కి ముడుచుకుంటుంది. నరం చావదు, మందు ఆపాక కొన్ని వారాలకు కొస మళ్లీ మొలుస్తుంది. మనకు కావలసింది ఆ మధ్యలో దొరికే విరామమే.

అపోహ: అయితే ఇంట్లో కారప్పొడి నూనెలో కలిపి రాసుకుంటే సరి.

వద్దు. ఒకావిడ అలాగే రాసుకుని, పైన వేడి చేసిన జిల్లేడాకు కట్టుకుని పడుకుంది. పొద్దున కట్టు విప్పితే పాదం నిండా బొబ్బలు. స్పర్శ తగ్గిన పాదం కాబట్టి ఎంత కాలిందో ఆమెకే తెలియలేదు. షుగరు పుండుకు మొదలు ఇలాంటి చోటే.

మందుల షాపులో దొరికే పూతమందుల్లో క్యాప్సైసిన్ 0.025 నుంచి 0.075 శాతమే. ఇంటి కారంలో ఎంతుందో ఎవరికీ లెక్క తెలియదు. పూతను రోజుకు మూడు నాలుగు సార్లు పల్చగా రాయాలి. పుండు, పగులు ఉన్నచోట రాయకూడదు. సర్పి (హెర్పిస్ జోస్టర్) లేచినవాళ్లు పొక్కులు పూర్తిగా మానాకే వాడాలి. రాశాక వెంటనే వేడినీళ్ల స్నానం చెయ్యకండి. ఇది నీళ్లలో కరగదు కాబట్టి చేతులకు ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగండి, లేకపోతే కంట్లో పెట్టుకున్నప్పుడు తెలిసొస్తుంది. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగో రోజుకే "పనిచెయ్యలేదండీ" అని గొట్టం పక్కన పడేసేవాళ్లే ఎక్కువ!

8 శాతం పట్టీ కూడా ఉంది. అమెరికాలో సర్పి తర్వాతి నొప్పికి 2009లో, షుగరు పాదాల నొప్పికి 2020లో అనుమతించారు. దాన్ని ఆసుపత్రిలోనే, పాదాలకైతే అరగంట వేస్తారు. అది కూడా అందరికీ పనిచెయ్యదు. గుణం కనిపించినవాళ్లకు మాత్రం నెలల తరబడి ఉపశమనం.

అపోహ: పసుపు పాలతో నరాలు బాగవుతాయి.

ఎలుకల్లో ఆశ రేపింది నిజమే, మనుషుల నరాల నొప్పికి మాత్రం గట్టి రుజువు లేదు. పసుపులోని కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కేది బహు తక్కువ. అందుకని మిరియాల సారం కలిపిన గుళికలు అమ్ముతున్నారు. అదే మిరియం కాలేయంలో ఇతర మందులు విచ్ఛిన్నం కావడాన్ని కూడా మందగింపజేస్తుంది. ముఖం నరం నొప్పికి కార్బమజెపిన్ వేసుకునేవాళ్లకు దాని మోతాదు రక్తంలో పెరిగి తల తిరగొచ్చు. పసుపు గుళికలతో కాలేయం దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. చారులో మిరియాలు, కూరలో పసుపు ఎప్పటిలా వేసుకోండి, వాటికేం భయం లేదు.

అపోహ: చెట్టు మందు కదా, హాని చెయ్యదు.

వసనాభి అనే విషపు మందు కూడా ఒక మొక్క వేరు నుంచి వచ్చేదే. శుద్ధి చెయ్యనిది కడుపులోకి పోతే గుండె లయ తప్పుతుంది.

అపోహ: తిమ్మిర్లన్నీ షుగరువే, పూతతో నెట్టుకురావచ్చు.

షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గుతుంది, దానికీ ఇవే తిమ్మిర్లు. మాంసం ముట్టని ఒక పెద్దాయన ఏడాది పాటు రకరకాల తైలాలు మర్దన చేయించుకుని వచ్చారు. రక్తపరీక్షలో బీ12 అడుగంటింది. సూదులు మొదలుపెట్టాం. తైలం సీసాలు మాత్రం ఇంకా సంచీలోనే మోసుకొస్తున్నారు.