మంచాన పడ్డ మనిషి కండ ఎటు పోతుంది?

మద్దిలపాలెం నుంచి ఒక పాఠకుడు రాశారు: "మాస్టారూ, మా నాన్నగారు కాలు జారి పడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది గానీ, తర్వాత నిమ్ము చేరి జ్వరం పట్టుకుంది. తిండికి లోటు చెయ్యలేదు. అయినా తొడలు సన్నబడిపోయాయి, పిక్కలు వేలాడుతున్నాయి. రక్త పరీక్షలో సీఆర్‌పీ ఎక్కువ, అల్బుమిన్ తక్కువ అని వచ్చింది. గుడ్లు పెట్టమన్నారు, పెడుతున్నాం. ఆ కండంతా ఎటు పోయినట్టు?"

మంచాన పడ్డాక చిక్కకుండా ఎలా ఉంటారు అని మన ఇళ్ళలో సరిపెట్టేసుకుంటాం. కానీ ఈ ప్రశ్నకి జవాబుంది, అదీ చాలా అందమైన జవాబు. జబ్బులో కండ తనంతట తాను తరిగిపోదు. ఆర్డరు వెళ్తుంది, గుర్తు పడుతుంది, ఆ తర్వాతే పద్ధతిగా విప్పదీయడం జరుగుతుంది. ఆ ఆర్డర్లు రక్తంలో ప్రోటీన్లుగా తిరుగుతుంటాయి. (రిపోర్టులోని సీఆర్‌పీ, అల్బుమిన్ కూడా రక్తపు ప్రోటీన్లే, రెండిటినీ కాలేయం తయారుచేస్తుంది. వాటి సంగతి తర్వాత వస్తుంది.)

కండరం ఎలా ముడుచుకుంటుందో ఇంటర్ పుస్తకంలో ఉంది, దాన్ని వదిలేస్తున్నాను. ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. మిగిలిపోయిన చక్కెరని, కొవ్వుని శరీరం విడిగా దాచుకోగలదు. ప్రోటీన్‌ని దాచుకోవడానికి మాత్రం విడిగా చోటు లేదు. అవసరం పడితే పనిచేస్తున్న కండలోంచే తీసుకోవాలి. ఎంత వేగంగా తీస్తుందో 2013లో లండన్ పరిశోధకులు కొలిచారు. ఐసీయూలో ఉన్న 63 మంది తొడ ముందుభాగపు కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో చూస్తే, పది రోజుల్లో దాని అడ్డుకోత వైశాల్యం దాదాపు 18 శాతం పడిపోయింది. ఒకటి కంటే ఎక్కువ అవయవాలు దెబ్బతిన్నవాళ్ళలో తరుగు ఇంకా ఎక్కువ.

ఇలాంటి ఆర్డర్లలో మొదట దొరికినవాటిలో ఒకటి న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో దొరికింది. పరాన్నజీవి సోకిన కుందేళ్ళు చిక్కి శల్యమైపోవడం చూసి, అందుకు కారణమయ్యే పదార్థం కోసం ఆంథొనీ సెరామీ వెతికాడు. దొరికిన ప్రోటీన్‌కి కాకెక్టిన్ అని పేరు పెట్టారు. 1985లో తేలిందేమంటే, కణితుల్ని చంపే ప్రోటీన్ అని వేరేవాళ్ళు వేరే దారిలో పట్టుకున్న టీఎన్ఎఫ్, ఇది ఒకటే. తర్వాత ఇంటర్‌ల్యూకిన్-6, ఆక్టివిన్ ఎ, మయోస్టాటిన్ వరసగా ఈ జాబితాలో చేరాయి.

ఆర్డరు అందాక కండరం లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి రోడ్డు వెడల్పు పనులకంటే మంచి పోలిక నాకు దొరకలేదు. మన ఊళ్ళో చూసే ఉంటారు. ఎక్కడో ఆఫీసులో ఆర్డరు పుడుతుంది. సర్వేయరు వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేస్తాడు. తర్వాతే జేసీబీ వస్తుంది. జేసీబీ నడిపేవాడికి ఇల్లు ఎవరిదో అక్కర్లేదు, ఎర్ర గుర్తుంటే కొడతాడు, లేకపోతే ముట్టుకోడు.

కణంలో ఆ ఎర్ర గుర్తు పేరు యూబిక్విటిన్. 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. కూల్చాల్సిన ప్రోటీన్‌కి దీన్ని అతికిస్తారు. మామూలుగా ఒక్క గుర్తు చాలదు, కనీసం నాలుగు గొలుసుగా ఉండాలి. అప్పుడే ప్రోటియాజోమ్ అనే పీపా ఆకారపు యంత్రం, అంటే మన జేసీబీ, దాన్ని లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. లాక్కునే ముందు గుర్తుల్ని ఊడదీసి పక్కన పెడుతుంది, అవి మళ్ళీ వాడకానికి వస్తాయి. ఈ యూబిక్విటిన్ పద్ధతిని కనిపెట్టినందుకే 2004లో చెకనోవర్, హెర్ష్కో, రోజ్‌లకి రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

సర్వేయర్లు ఎవరు? కండరానికి ప్రత్యేకంగా ఇద్దరున్నారు: మర్ఫ్-1, ఆట్రోజిన్-1 అనే ఎంజైములు. 2001లో బయటపడ్డాయి. మర్ఫ్-1 మయోసిన్ లాంటి పెద్ద దూలాలకి గుర్తు వేస్తుంది. ఆట్రోజిన్-1 కొత్త కండ కట్టించే ప్రోటీన్లకి వేస్తుంది, అంటే మేస్త్రీలనే తొలగిస్తుంది. ఈ రెండిట్లో ఏ ఒక్క జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకలకైనా, కాలి నరం కత్తిరించినా కండ అంతగా తగ్గలేదు. నాలుగు గోడల్నీ ఒకేసారి మింగడం ప్రోటియాజోమ్ వల్ల కాదు. ముందు కాల్పెయిన్, కాస్పేస్-3 అనే ఎంజైములు వచ్చి దూలాల్ని కట్టునుంచి విడదీయాలి.

ఆర్డరు తెచ్చిన రక్తపు ప్రోటీన్ ఎప్పుడూ ఇంట్లో అడుగు పెట్టదు. కణం పైపొర మీది గ్రాహకాన్ని తాకి ఊరుకుంటుంది. అక్కణ్ణుంచి లోపలి మనుషులు కబురు మోస్తారు. వాళ్ళలో ముఖ్యమైంది ఫాక్సో అనే ప్రోటీన్. ఫాక్సో కేంద్రకంలోకి వెళ్తే సర్వేయర్ల నియామకం మొదలవుతుంది. మామూలు రోజుల్లో వెళ్ళనివ్వరు. తిన్నాక వచ్చే ఇన్సులిన్, ఐజీఎఫ్-1 అనే హార్మోను ఆక్ట్ అనే ఎంజైముని లేపుతాయి. ఆక్ట్ ఫాక్సోకి ఫాస్ఫేటు తగిలించి కేంద్రకం బయటే ఆపేస్తుంది. ఇది కోర్టు స్టే లాంటిది. స్టే ఉన్నన్నాళ్ళూ ఆర్డరు కాగితం మీదే ఉంటుంది. తీవ్రమైన జబ్బులో ఇన్సులిన్ మాట కండరం సరిగ్గా వినదు, స్టే ఎత్తేసినట్టవుతుంది. తిండికి లోటు చెయ్యకపోయినా తొడలు సన్నబడ్డది ఇందుకే.

మరి కూల్చిన ఇటుకలు? అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి వచ్చి, చాలావరకు అలనిన్, గ్లూటమిన్ రూపంలో తరలిపోతాయి. కాలేయం వాటితో గ్లూకోజు చేస్తుంది, సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్ లాంటి అత్యవసర ప్రోటీన్లు కడుతుంది, రోగనిరోధక కణాలూ వాడుకుంటాయి. పాఠకుడి ప్రశ్నకి సూటి జవాబు ఇది: నిమ్ముతో పోరాడటానికి మీ నాన్నగారి తొడ కొంత ఖర్చయింది. ఇక్కడో చిక్కుంది. 1994లో పీటర్ రీడ్స్ బృందం లెక్కలు వేసి చూపించింది: అత్యవసర ప్రోటీన్లకి ఫినైల్అలనిన్, ట్రిప్టోఫాన్ లాంటి ఇటుకలు ఎక్కువ కావాలి, కండలో అవి తక్కువ. కాబట్టి కొత్త గోడ ఒకటి లేపాలంటే పాత గోడ ఒకటి చాలదు, ఇంకా ఎక్కువ కూల్చాలి. మిగిలిన ఇటుకలు వృథా, వాటి నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది.

అల్బుమిన్ సంగతి కూడా ఇందులోనే తేలుతుంది. అది తగ్గితే తిండి చాలడం లేదని తేల్చేస్తారు. పాఠం చెప్పేటప్పుడు నేను పదేపదే చెప్పే మాట ఇది: ఒంట్లో వాపు ప్రక్రియ (ఇన్ఫ్లమేషన్) నడుస్తుంటే కాలేయం అల్బుమిన్ తయారీ తగ్గించి సీఆర్‌పీ వైపు మళ్ళుతుంది, పైగా ఉన్న అల్బుమిన్ రక్తనాళాల్లోంచి బయటికి జారుతుంది. అప్పుడు అది తిండి కొలత కాదు, జబ్బు తీవ్రత కొలత.

అలాగని గుడ్డు మానకండి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, గుడ్డు వేడి చేస్తుందని, ఆపరేషనయిన మనిషికి వారాల తరబడి చారన్నం, జావ మాత్రమే పెట్టే ఇళ్ళు విశాఖలో ఇప్పటికీ ఎన్నో. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. కందిపప్పుకి ఆ పాపంతో సంబంధం లేదు. కాలేయం ఇటుకల కోసం కండని కూలుస్తున్న సమయంలో బయటి నుంచి వచ్చే ఇటుకల్ని మనమే ఆపేస్తున్నాం. ఇది చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది.

జబ్బు లేకుండా ఊరికే పడుకున్నా కండ తగ్గుతుంది. ఆ దారి కాస్త వేరు. అప్పుడు రక్తంలో టీఎన్ఎఫ్ లాంటివి పెద్దగా పెరగవు. మనుషుల్లో ముఖ్యంగా జరిగేది, కొత్త కండ కట్టడం మందగించడం. కదలని కాలికి అదే గుడ్డు తిన్నా అంత కండ కట్టే శక్తి ఉండదు. అందుకే ఫిజియోథెరపిస్టు మంచం మీదే మడమ ఆడించమంటే, మోకాలు బిగించమంటే, అది కాలక్షేపం అనుకోవద్దు. తిండీ కదలికా రెండూ కలిస్తేనే కట్టుబడి సాగుతుంది.

మయోస్టాటిన్ గురించి ఒక మాట. కండ మరీ పెరగకుండా కండరమే తయారుచేసుకునే ప్రోటీన్ ఇది. 1997లో సే-జిన్ లీ, అలెగ్జాండ్రా మెక్‌ఫెరాన్ దాని జన్యువు తీసేస్తే ఎలుకల కండ రెండు మూడింతలైంది. 2019 డిసెంబరులో అంతరిక్ష కేంద్రానికి 40 ఎలుకల్ని పంపితే, మామూలువి కండ పోగొట్టుకున్నాయి, మయోస్టాటిన్ లేనివి నిలబెట్టుకున్నాయి. అయితే చిక్కిన మనిషి రక్తంలో మయోస్టాటిన్ ఎక్కువుంటుందనుకుంటే పొరపాటు. కండ తగ్గిన క్యాన్సర్ రోగుల్లో 2015లో బెల్జియంలో చూస్తే ఆక్టివిన్ ఎ పెరిగింది, మయోస్టాటిన్ తగ్గింది. తయారుచేసే కండే తగ్గిపోయాక అది మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంటర్‌ల్యూకిన్-6ది ఇంకో విచిత్రం. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచేవాళ్ళ రక్తంలోనూ అది పెరుగుతుంది. పని చేస్తున్న కండరమే దాన్ని విడుదల చేస్తుంది. విశ్రాంతి తీసుకోగానే పడిపోతుంది, హాని లేదు. జబ్బులో అదే ప్రోటీన్ రోజుల తరబడి దిగదు, అక్కడే కండకి చేటు.

జీడీఎఫ్-15 మాత్రం కండ జోలికి నేరుగా వెళ్ళకుండా మెదడు కింది భాగంలోని గ్రాహకాన్ని తాకి ఆకలి చంపేస్తుంది. ఆ గ్రాహకం 2017లో దొరికింది. ఈ ప్రోటీన్‌ని పట్టేసే పోన్సెగ్రొమాబ్ అనే యాంటీబాడీని 187 మంది క్యాన్సర్ రోగుల్లో పరీక్షిస్తే 12 వారాల్లో బరువు పెరిగారని 2024లో ప్రచురించారు.

చివరగా, రిపోర్టు చదివేటప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని కనిపెట్టారు. కండలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌ల నుంచే క్రియాటినిన్ వస్తుంది. కిడ్నీ పనితీరు తెలుసుకోడానికి రక్తంలో కొలిచేది దీన్నే. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి విశాఖకి వైద్యానికి వచ్చే కుటుంబాల్లో ఈ మాట తెలియనివాళ్ళు అరుదు. కండ తగ్గిన మనిషిలో క్రియాటినిన్ కూడా తక్కువగానే తయారవుతుంది, కిడ్నీ దెబ్బతిని ఉన్నా అంకె బాగున్నట్టే కనిపించవచ్చు. కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే రక్తపు ప్రోటీన్ అప్పుడు పనికొస్తుంది. చాలా మందుల మోతాదు కిడ్నీ లెక్కని బట్టి నిర్ణయిస్తారు కాబట్టి, బాగా చిక్కిన పెద్దవాళ్ళకి ఆ పరీక్ష అవసరమా అని డాక్టరుగారిని అడగండి. అన్ని ల్యాబుల్లోనూ చెయ్యరు, వెళ్ళే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.