వెన్న తిన్న ఊళ్లు, చేప తిన్న ఊళ్లు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని డాక్టరు చెప్పిన వారం తిరక్కముందే రోగికి నలువైపుల నుంచీ ఒకటే సలహా అందుతుంది: నెయ్యి, వెన్న మానెయ్యి, చేప నూనె మాత్రలు మొదలుపెట్టు. దీని మూలం వెతికితే 1950ల నాటి నార్వే పల్లెల్లో తేలతాం.

ఈ జబ్బులో సొంత రోగనిరోధక కణాలే మెదడు, వెన్నుపాములోని నరాల మీదుండే మైలిన్ పొరను కొరికేస్తాయి. మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన రాయ్ స్వాంక్, నార్వే వైద్యులతో కలిసి ఆ దేశంలో ఈ జబ్బు ఎక్కడెక్కడ ఎక్కువుందో లెక్క తీశాడు. పాడి మీద బతికే లోతట్టు వ్యవసాయ ప్రాంతాల్లో ఎక్కువ, చేపలు పట్టే తీరప్రాంతాల్లో తక్కువ. 1952లో ఆ లెక్క అచ్చయింది. జంతువుల కొవ్వే కారణమన్నది స్వాంక్ అనుమానం. చేపలో నూనెతో పాటు విటమిన్ డి కూడా ఉంటుందన్న సంగతికి ఈ వ్యాధి చర్చలో ప్రాధాన్యం వచ్చింది చాలా ఏళ్ల తర్వాతే. ఆ రెంటినీ విడదీయడం మ్యాపుల వల్ల అయ్యే పని కాదు.

లెక్క అచ్చవకముందే స్వాంక్ తన రోగులకు పథ్యం మొదలుపెట్టేశాడు. తర్వాతి కాలంలో స్థిరపడిన రూపం ఇది: రోజుకు సంతృప్త కొవ్వు (నెయ్యి, వెన్నల్లో ఎక్కువుండే రకం) 15 గ్రాములు దాటకూడదు, ద్రవ నూనెలు 20 నుంచి 50 గ్రాములు, ఒక టీస్పూను కాడ్ లివర్ నూనె, మొదటి ఏడాది ఎర్ర మాంసం బంద్. మన వంటింటి కొలతల్లో 15 గ్రాములంటే ఎంతో చూడండి. గ్లాసెడు చిక్కటి గేదె పాలలోనే దాదాపు 8 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది. పప్పన్నంలో ఒక టేబుల్‌స్పూను నెయ్యి పడితే మరో 8, 9 గ్రాములు. అక్కడికే కోటా దాటిపోయింది. కొబ్బరి నూనె ఇంకా బరువు, టేబుల్‌స్పూనుకు 11 గ్రాముల పైమాటే. నెయ్యి మానేసి పామాయిల్‌లో వేయించుకుంటే పథ్యం చేసినట్టు కాదు, దానిలో దాదాపు సగం సంతృప్త కొవ్వే.

144 మంది రోగులను 34 ఏళ్లు గమనించి 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించారు. రోజుకు కొవ్వు 20 గ్రాముల లోపే తిన్నవాళ్లలో మరణాలు, వైకల్యం బాగా తక్కువ. చదవడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ పోల్చడానికి వేరే బృందం లేదు. పథ్యం పాటించినవాళ్లను, తప్పినవాళ్లతో పోల్చారంతే. జబ్బు ముదిరి మంచాన పడ్డ మనిషి పథ్యం వదిలేయడం మామూలే. అప్పుడు పథ్యం తప్పడం వల్ల జబ్బు ముదిరిందా, ముదిరినందుకే పథ్యం తప్పిందా? ఆ లెక్కల్లోంచి జవాబు రాదు. స్వాంక్ ఓపికను మెచ్చుకోవచ్చు, ఆ అంకెలను మాత్రం రుజువుగా తీసుకోలేం.

ఈలోగా బ్రిటన్‌లో మరో దారి తొక్కారు: కొవ్వు తగ్గించడం కాదు, మార్చడం. 1973 నాటి పరీక్షలో కొందరికి పొద్దుతిరుగుడు నూనె, కొందరికి ఆలివ్ నూనె రెండేళ్లు ఇచ్చారు. పొద్దుతిరుగుడు వాడినవాళ్లలో తిరగబెట్టిన దాడుల తీవ్రత తగ్గింది, వైకల్యం మాత్రం తగ్గలేదు. తర్వాతి పరీక్షల్లో ఆ కాస్త మేలూ గట్టిగా నిలబడలేదు. తమాషా ఏమిటంటే, నాడు మందుగా పోసింది లినోలిక్ ఆమ్లాన్ని, అంటే ఒమేగా 6ని. ఇవాళ వాట్సాప్‌లో ‘ఒంట్లో మంట పెంచే విషం’ అని తిట్టేది దాన్నే. లినోలిక్ ఆమ్లం ఎక్కువ తిన్నంత మాత్రాన రక్తంలో వాపుకు ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లం పెద్దగా పెరగదు కాబట్టి ఆ తిట్టు కూడా అతిగా అన్నదే.

అరాకిడోనిక్ ఆమ్లం ప్రస్తావన ఇక్కడ ఎందుకొచ్చిందంటే, వాపును రేపే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తయారయ్యేది దానితోనే. ఆస్పిరిన్ అడ్డుకునేది ఆ తయారీనే అని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించాడు. 1982 వైద్య నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు. చేప నూనెలోని ఇపిఎ అనే ఒమేగా 3 కొవ్వు ఆమ్లం, కణాల పొరల్లో అరాకిడోనిక్ ఆమ్లం చోటును కొంత ఆక్రమిస్తుంది. అవే ఎంజైములు దాని నుంచి చేసే పదార్థాలకు వాపు రేపే శక్తి తక్కువ.

సిద్ధాంతం బాగుంది కదా అని 1989లో బ్రిటన్‌లో 312 మంది ఎంఎస్ రోగులపై చేప నూనెను రెండేళ్లు పరీక్షించారు. కొంచెం మొగ్గు కనిపించింది కానీ నమ్మదగినంత తేడా లేదు. 2012లో నార్వేలోనే 92 మందిపై చేసిన పరీక్షలో రక్తంలో ఒమేగా 3 పెరిగింది. ఎంఆర్‌ఐలో కొత్త మచ్చలు మాత్రం తగ్గలేదు. నూనె ఒంటికి పట్టలేదనే సాకుకు కూడా అక్కడ చోటు లేకపోయింది.

అదే చేప నూనె కీళ్లవాతం దగ్గర పనికొచ్చింది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ మొదలైన కొత్తలో మెథోట్రెక్సేట్ తదితర మూడు మందులతో పాటు రోజుకు 5.5 గ్రాముల ఇపిఎ, డిహెచ్ఎ (చేప నూనెలోని మరో ఒమేగా 3) కలిపి ఇచ్చి ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చూశారు. మందులు విఫలమైనవాళ్లు తగ్గారు, జబ్బు అణిగినవాళ్లు పెరిగారు. మందుల బదులు కాదు, మందులతో పాటు.

జనం పొరబడేది మోతాదు దగ్గరే. దుకాణంలో దొరికే మామూలు 1000 మిల్లీగ్రాముల చేప నూనె మాత్రలో ఇపిఎ, డిహెచ్ఎ కలిపి 300 మిల్లీగ్రాములే. కీళ్ల నొప్పికి చాలా పరీక్షల్లో వాడిన 3 గ్రాముల దగ్గరికి రావాలంటే రోజుకు 10 మాత్రలు, అదీ రెండు మూడు నెలలు ఆగాలి. రోజుకొకటి మింగి ‘గుణం లేదు’ అంటే లాభం లేదు. కాబట్టి డబ్బా వెనక రాసిన ఇపిఎ, డిహెచ్ఎ అంకెలే చూడాలి, ముందున్న 1000 కాదు. అవిసె గింజలతో ఆ లోటు తీరదు, వాటిలోని ఒమేగా 3లో ఇపిఎగా మారేది కొద్దిపాటే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గుండె లయ తప్పే ఇబ్బంది ఉన్నవాళ్లు ఇంత మోతాదు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు. కాడ్ లివర్ నూనెతో ఆ మోతాదు అందుకోవాలనుకోవడం ఇంకా ప్రమాదం. అది చేప కాలేయం నుంచి తీసింది, ఒమేగా 3 చాలినంత అందేలోపే విటమిన్ ఎ మోతాదు మించిపోవచ్చు. గర్భిణులకైతే అది అసలే పనికిరాదు.