రెండు తలల పాము నుంచి పంజరం చిలుక దాకా: వన్యప్రాణుల అమ్మకంపై అపోహలు - వాస్తవాలు

వన్యప్రాణుల దొంగ వ్యాపారం అనగానే పులి చర్మం, ఏనుగు దంతం గుర్తొస్తాయి. మన జిల్లాల్లో చేతులు మారేవాటిలో చాలావరకు సంచిలో పట్టేంత చిన్న ప్రాణులు. కొనేవాళ్లలో చాలామందికి తాము చేస్తున్నది నేరమన్న ఊహే ఉండదు.

అపోహ: రామచిలుక పెంపుడు పక్షి. పంజరంలో ఉన్నదాన్ని కొని వదిలేస్తే పుణ్యం.

వాస్తవం: కోడి, పావురం లాగా చిలుక పెంపుడు జాతి కాదు. సంతకొచ్చే పిల్లలను చెట్టు తొర్రల్లోంచి తీస్తారు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో గూళ్లలో పిల్లలుంటాయి కాబట్టి అమ్మకాలూ అప్పుడే జోరు. తొర్ర నోరు ఇరుకు. చెయ్యి పట్టడానికి దాన్ని గొడ్డలితో వెడల్పు చేస్తారు. అలా తెరుచుకున్న తొర్ర మరుసటి ఏడు చిలుకకే కాదు, గోరింకకూ చిన్న గుడ్లగూబకూ పనికిరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం రామచిలుక రక్షిత జంతువుల రెండో జాబితాలో, అంటే రెండో షెడ్యూల్‌లో ఉంది. పట్టినా, అమ్మినా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బడ్జెరిగార్, కాకటీల్ విదేశీ పక్షులు, వాటి సంగతి వేరు.

ఇక కొని వదలడం. మీరు ఎందుకు కొన్నారో అమ్మేవాడికి అనవసరం. డబ్బు అందింది, వచ్చే వారం ఇంకో పది పిల్లలు తెస్తాడు. పైగా ఆ చిలుక రెక్క ఈకలు కత్తిరించి ఉంటాయి. కత్తిరించిన ఈక మళ్లీ పొడవు పెరగదు. అది ఊడిపోయి కొత్తది రావాలి, అందుకు నెలలు పడుతుంది. అంతకుముందే మేడ మీంచి ఎగరేస్తే అది నేల మీద పడి కుక్కకో పిల్లికో చిక్కుతుంది. కొనకండి. దుకాణం ఎక్కడుందో, పక్షులు ఎన్ని ఉన్నాయో, ఏ రోజు చూశారో రాసుకుని అటవీ రేంజ్ ఆఫీసుకు చెప్పండి.

అపోహ: రెండు తలల పాముకు కోట్ల రూపాయలు పలుకుతాయి. బరువు ఎక్కువైతే రేటూ ఎక్కువే.

వాస్తవం: దానికి తల ఒక్కటే. తోక మొద్దుగా, తల ఆకారంలోనే ఉంటుంది. భయపడ్డప్పుడు తలను చుట్టల కింద దాచి తోకను పైకెత్తుతుంది, శత్రువు దెబ్బ తోక మీద పడాలని. విషం లేదు. ఎలుకలను తినే పాము కాబట్టి పొలానికి మేలే. దీన్ని తింటే రోగాలు పోతాయన్నది, దగ్గర పెట్టుకుంటే గుప్తనిధి దొరుకుతుందన్నది రెండూ అబద్ధాలే. బేరమంతా మధ్యవర్తుల మధ్యే నడుస్తుంది. ఒకడు అడ్వాన్సు తీసుకుని మాయమవుతాడు, ఇంకొకడు పరీక్ష ఫీజు అంటాడు. ఈలోగా బరువు పెంచాలని పాము నోట్లోకి ఇనుప గోళీలు కుక్కుతారు, తోక మీద కళ్లు, నోరు కనబడేలా వాతలు పెడతారు. అలాంటి పాము పట్టుబడి బయటపడినా చాలాసార్లు బతకదు. మోసపోయినవాడు ఫిర్యాదు చెయ్యలేడు, చేస్తే ముందు తన మీదే కేసు. మోసగాళ్ల ధీమా అంతా అదే.

అపోహ: హత్తా జోడి అడవిలో దొరికే అరుదైన వేరు.

వాస్తవం: చేతులు జోడించినట్టు కనిపించే ఆ వస్తువు మగ ఉడుము ఎండబెట్టిన జననాంగం. ఉడుముకు అవి జంటగా ఉంటాయి, అందుకే ఆ ఆకారం. సిందూరం పూసి, భరిణెలో పెట్టి, లక్ష్మీకటాక్షం పేరుతో అమ్ముతారు. నిజంగా చెట్టు వేరని నమ్మి పూజగదిలో పెట్టుకున్న కుటుంబాలున్నాయని తలచుకుంటే బాధేస్తుంది. ఉడుము మొదటి షెడ్యూల్ జంతువు. దాని భాగం అమ్మినా కొన్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. కొన్నిచోట్ల ప్లాస్టిక్ అచ్చులు కూడా అంటగడుతున్నారు. ప్లాస్టిక్‌దో కాదో చూసి తేల్చుకుందామని మాత్రం కొనకండి.

అపోహ: నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుంది. దాన్ని పెంచడం తేలిక.

వాస్తవం: ఇది మెట్ట తాబేలు. రాయలసీమ లాంటి ఎండు పొదల నేలల్లో గడ్డి, ఆకులు తిని బతుకుతుంది. అక్వేరియం నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది. అన్నం, బిస్కెట్లు పెట్టి ఎండ తగలకుండా ఉంచితే డిప్ప గుబ్బలు తేలి వంకర పోతుంది, ఎముకలు మెత్తబడతాయి. దేశం దాటించేటప్పుడు కాళ్లు కదలకుండా టేపు చుట్టి సూట్‌కేసుల్లో పేరుస్తారు. దేశంలో ఒకే ఒక్క చోటి నుంచి ఏడాదిలో కనీసం 55,000 తాబేళ్లను పట్టుకెళ్లారని 2015లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. 2019లో ఈ జాతిని అడవి జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి చేర్చారు, అంటే అడవిలో పట్టినదాన్ని ఏ దేశానికీ అమ్మడానికి వీల్లేదు. ఇప్పటికే ఇంట్లో ఉంటే గుడి కోనేట్లోనో దగ్గర్లోని గుట్ట మీదో వదలకండి. దాని జబ్బులు అడవి తాబేళ్లకు అంటుకుంటాయి. అటవీ శాఖకే అప్పగించండి.

అపోహ: నెమలి ఈక ఇంట్లో ఉన్నా నేరమే.

వాస్తవం: కాదు. సహజంగా రాలిన తోక ఈకలకు దేశం లోపల మినహాయింపు ఉంది. విదేశాలకు మాత్రం పట్టుకెళ్లకండి.

అపోహ: వేటాడిన జంతువు మాంసం వండేస్తే సాక్ష్యం మిగలదు.

వాస్తవం: మిగులుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2003లో ప్రకటించిన డీఎన్ఏ పద్ధతితో చిన్న ముక్క చాలు, అది ఏ జంతువుదో చెప్పొచ్చు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ ఒక్కో కణంలో వందల ప్రతుల్లో ఉంటుంది, అందుకే ఉడికినా కొంత దక్కుతుంది. కేసు దెబ్బతినేది ఎక్కువగా నమూనా తీసే చోటే. ముక్కను, శవాలు చెడకుండా వాడే ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. తడి మాంసాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే కుళ్లిపోతుంది. వేలి గోరంత ముక్కలు కోసి, వాటికి ఐదారు రెట్లు ఆల్కహాల్ పోసిన సీసాలో వేయాలి. ఒక్కో ముక్కకు కొత్త బ్లేడు వాడాలి, లేదంటే ఒకదాని డీఎన్ఏ ఇంకొకదానికి అంటుతుంది. సాక్షుల ముందే సీలు వేసి, సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారిందో తేదీ, సమయంతో పంచనామాలోనూ రిజిస్టర్లోనూ రాయాలి. మధ్యలో ఒక్క సంతకం లేకపోయినా డిఫెన్సు లాయరు మొదట పట్టుకునేది దాన్నే.